కార్ల ప్లాంట్‌లో పనిచేసిన లీన్ పద్ధతులు ఆసుపత్రిలో నిలబడతాయా? చేసి చూసినవాళ్లు చెప్పండి

ప్రెస్‌షాప్_నెల్లూరు:

అందరికీ నమస్కారం. శ్రీసిటీ వైపు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ప్రొడక్షన్ ఇంజనీరుని, ప్రెస్ షాప్ చూస్తాను. లీన్ అంటే పనిలో వృథా తగ్గించే పద్ధతులు. కైజెన్ (చిన్న చిన్న మెరుగులు చేస్తూ పోవడం), ఫైవ్ ఎస్ (పనిచోటు సర్ది, ఏ వస్తువు ఎక్కడుండాలో గుర్తుపెట్టడం), ప్రెస్‌లో డై (రేకుకి ఆకారమిచ్చే అచ్చు) మార్చే టైమ్ తగ్గించడం, ఇవన్నీ మాకు రోజూ ఉండే పనే. మా పెదనాన్నగారి అబ్బాయి డాక్టరు, నెల్లూరులో అరవై పడకల ఆసుపత్రి నడుపుతున్నాడు. మీ ప్లాంట్‌లో చేసేదేదో మా దగ్గర కూడా చేసిపెట్టరా, జనం కూర్చుని కూర్చుని విసిగిపోతున్నారు అని అడిగాడు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి ఒక మూల నిలబడి చూస్తున్నాను.

పొద్దున ఎనిమిదికల్లా ఓపీ హాలు నిండిపోతుంది. డాక్టర్లు రౌండ్స్ ముగించుకుని పదింటికి కిందికి దిగుతారు. ఒక పేషెంటుకి లోపల పట్టేది ఐదారు నిమిషాలు. రక్త పరీక్ష రాస్తే రిపోర్టు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది, అప్పటికి డాక్టరు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటాడు, మళ్లీ సాయంత్రం ఐదు దాకా ఆగాలి. డిశ్చార్జ్ ఇంకా ఘోరం. పొద్దున "ఇంటికెళ్లొచ్చమ్మా" అన్న మనిషి రాత్రి ఎనిమిదికి ఆటో ఎక్కుతుంది, ఆ పడక కోసం క్యాజువాలిటీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తూ ఉంటారు.

ప్లాంట్‌లో అయితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. వ్యాల్యూ స్ట్రీమ్ మ్యాప్ (పని మొదటి నుంచి చివరిదాకా ఎక్కడ ఎంత టైమ్ పడుతోందో చూపే పటం) గీస్తాం, బాటిల్‌నెక్ (పని ఎక్కువగా ఆగిపోయే చోటు) పట్టుకుంటాం, లైన్ బ్యాలెన్స్ చేస్తాం, అంటే పనిని సమంగా పంచుతాం. ఇక్కడ ఆ మాట ఎత్తగానే సీనియర్ సిస్టర్ ఒకావిడ "మనుషులు బోల్టులు కాదు సార్" అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది, ఆవిడ చెప్పినదాంట్లో నిజం ఉందనిపించింది కూడా. అందుకే అడుగుతున్నాను. ఒక పరిశ్రమలో పుట్టిన పద్ధతిని వేరే చోటికి తీసుకెళ్లినవాళ్లు ఉంటే ఏది పనిచేసిందో, ఏది పనిచెయ్యలేదో చెప్పండి. పుస్తకంలో ఉండే మాటలు వద్దు, వాటి ట్రైనింగ్‌లు చాలా అయ్యాయి.

---

వార్డ్‌క్వాలిటీ_హైదరాబాద్:

నేను నర్సుగా మొదలుపెట్టి ఇప్పుడు ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో క్వాలిటీ చూస్తున్నాను, ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకి ఇచ్చే) గుర్తింపు పనులన్నీ నా మీదే ఉంటాయి. ముందు ఆ సిస్టర్ మాట గురించి చెప్తాను. ఆవిడ చెప్పింది వంద శాతం నిజం. కానీ పేషెంటు హాల్లో కూర్చున్న మూడు గంటలు వైద్యం కాదు కదా. డాక్టరు దగ్గర గడిపే ఆ ఐదు నిమిషాల జోలికి వెళ్లకండి, కుదిరితే దాన్ని పది చెయ్యండి. ఆ ఐదు నిమిషాలకి ముందూ వెనకా ఉన్న నడక, వెతుకులాట, సంతకం కోసం పడిగాపులు, వాటి మీద మీ ఫ్యాక్టరీ బుర్ర ఎంత పెట్టినా ఏ సిస్టరూ మిమ్మల్ని ఏమీ అనదు. ఈ తేడా మొదటి రోజే అందరి ముందూ చెప్పండి, మీ పని సగం తేలికవుతుంది.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదండీ. సియాటిల్‌లో వర్జీనియా మేసన్ అనే ఆసుపత్రి 2002లోనే తన పెద్దలందరినీ జపాన్ పంపించి, టయోటా పద్ధతిని చూసొచ్చి, దాన్నే ఆసుపత్రి నడిపే విధానంగా మార్చుకుంది. ప్రమాదం జరిగేలా ఉందనిపిస్తే ఏ ఉద్యోగైనా పని ఆపించేలా అలర్ట్ పెట్టారు. అయినా 2004లో అక్కడ ఒక పేషెంటు చనిపోయింది. ప్రొసీజర్ దగ్గర పెట్టిన ద్రవాలన్నీ చూడడానికి నీళ్లలాగే ఉన్నాయి, లేబుల్ లేదు. ఎక్స్‌రేలో రక్తనాళాలు కనపడడానికి ఎక్కించాల్సిన కాంట్రాస్ట్ మందు బదులు చర్మం శుభ్రం చేసే క్లోర్‌హెక్సిడిన్ ఎక్కింది. ఆసుపత్రి దాన్ని దాచకుండా బయటికి చెప్పింది. నేను ఎక్కడ ట్రైనింగ్ ఇచ్చినా ఇది చెప్తాను, ఎందుకంటే మన దగ్గర ఫైవ్ ఎస్ అనగానే స్టోర్ బీరువాలకి రంగు స్టిక్కర్లు అంటిస్తారు, ఫొటోలు తీస్తారు, ప్రొసీజర్ ట్రేలో సిరంజి మాత్రం లేబుల్ లేకుండానే ఉంటుంది. మీరు ఫైవ్ ఎస్ చెయ్యాలనుకుంటే ఐసీయూ మందుల ట్రాలీ దగ్గర మొదలుపెట్టండి.

ఇంకోటి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వేసేటప్పుడు పాటించాల్సినవి ఐదే ఐదు అంశాలుగా రాశాడు. చేతులు కడగడం, చర్మం శుభ్రం చెయ్యడం లాంటివే, ఏ డాక్టరుకీ తెలియనివి కాదు. మిషిగన్ ఐసీయూల్లో అమలు చేశాక ఆ లైన్ల ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రచురించారు. అందరూ చెక్‌లిస్ట్ గొప్పతనం అంటారు గానీ అసలు సంగతి వేరు. డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే ఆపే హక్కు నర్సుకి ఇచ్చారు. దానితోపాటు కావాల్సిన సామానంతా ఒకే బండిలో పెట్టారు, లేదంటే డ్రేప్ (పేషెంటు మీద కప్పే గుడ్డ) ఒకచోట, గౌను ఒకచోట వెతుక్కోవాలి, వెతకలేక వదిలేస్తారు. కాగితం మాత్రం తెచ్చుకుని ఆ రెండూ వదిలేసిన చోట్ల టిక్కులు మొత్తం షిఫ్ట్ చివర్లో ఒకేసారి పడతాయి.

---

క్యూ_లెక్కలు:

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఆపరేషన్స్ నాది, సర్వర్ల మీద లోడ్ లెక్కలు వేస్తుంటాను. మేడమ్ చెప్పినవన్నీ సరే, కానీ అన్నా, మీరు రాసినదాంట్లో ముందుగా చూడాల్సింది లెక్క. గంటకు పదిమందిని చూసే డాక్టరు దగ్గరికి పొద్దున ఎనిమిదికే అరవై మంది వచ్చేస్తే, ఆయన పదింటికి మొదలుపెడితే, చివరి మనిషి పని అయ్యేసరికి సాయంత్రం నాలుగు. ఇందులో ఎవరి సోమరితనమూ లేదు, కౌంటర్ ఎంత చురుగ్గా ఉన్నా ఆ సాయంత్రం నాలుగు మారదు. వచ్చే తీరు మారితేనే మారుతుంది.

క్యూల గణితం పుట్టిందే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. కోపెన్‌హాగెన్‌లో ఎర్లాంగ్ అనే ఆయన ఎన్ని లైన్లు ఉంటే ఎన్ని కాల్స్‌ ఆగాల్సి వస్తుందో 1909 నుంచీ రాస్తూ వచ్చాడు. అదే గణితం ఇవాళ కాల్ సెంటర్లకీ, మా సర్వర్లకీ, మీ ఓపీకీ పనికొస్తుంది. అందులో మీ డాక్టరుగారికి తప్పకుండా చూపించాల్సింది ఒకటుంది. జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరికి పట్టే టైమ్ ఒక్కోలా ఉంటే, డాక్టరు టైమ్‌లో 80 శాతం నిండినప్పుడు సగటు ఎదురుచూపు ఒక కన్సల్టేషన్‌కి నాలుగు రెట్లు ఉంటుంది. 90 శాతానికి తొమ్మిది రెట్లు. 95కి పందొమ్మిది రెట్లు. ఐదు నిమిషాల కన్సల్టేషన్ అనుకుంటే 20, 45, 95 నిమిషాలన్నమాట. డాక్టర్ని ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉంచకూడదు అనుకునే ఆసుపత్రిలో హాలు ఎప్పుడూ నిండే ఉంటుంది. ప్లాంట్‌లో మీ ప్రెస్ 95 శాతం నడిపినా నడుస్తుందేమో, ఎందుకంటే మీకు వచ్చే షీట్లు చెప్పిన టైమ్‌కి, చెప్పిన మందంతో వస్తాయి. జ్వరాలు అలా రావు.

ఎలా కొలవాలి అంటే స్టాప్‌వాచ్ పట్టుకుని తిరగొద్దు, సిబ్బందికి టెన్షన్. గంటకోసారి హాల్లో తలలు లెక్కపెట్టండి, గంటకి ఎంతమంది పని పూర్తయి బయటికి వెళ్తున్నారో రాయండి. సగటున 45 మంది లోపల ఉండి, గంటకి 15 మంది బయటికి వెళ్తుంటే ఒక్కొక్కరూ సగటున మూడు గంటలు ఉంటున్నట్టే. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన సూత్రం ఇది. ఎక్కడైనా పనిచేస్తుంది.

టైమ్ స్లాట్లు పెట్టండి. తిరుమలలో సర్వదర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్ తీసుకున్నవాళ్లు ఆ టైమ్‌కి క్యూలోకి వెళ్తున్నారు, టోకెన్ లేనివాళ్లు వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చుంటున్నారు. దర్శనం వేగం ఇద్దరికీ ఒకటే. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఏ, బీ, సీ కౌంటర్లు చూసే ఉంటారు. ఫొటో, వేలిముద్రలు, కాగితాల స్కానింగ్ ప్రైవేటు సిబ్బంది ఏ కౌంటర్లో చేస్తారు, పరిశీలన, మంజూరు మాత్రం ప్రభుత్వ అధికారులు బీ, సీల్లో చేస్తారు. అధికారి టైమ్ అధికారే చెయ్యాల్సిన పనికి మాత్రమే వాడుతున్నారు. మీ డాక్టరు బీపీ చూడడం, పాత రిపోర్టులు వరుసలో పెట్టుకోవడం కూడా తనే చేస్తుంటే ముందు అది ఆపండి.

---

నూలుమిల్లు_చిలకలూరిపేట:

క్యూ లెక్కలు గారూ, లెక్క ఒప్పుకుంటాను గానీ టైమ్ స్లాట్ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. నెల్లూరు ఆసుపత్రి అంటే ఉదయగిరి నుంచి, ఆత్మకూరు నుంచి మొదటి బస్సుకి బయల్దేరి వచ్చే జనం. వాళ్లు ఎనిమిదికి రావడం బస్సు వల్ల. మీరు పదకొండున్నర స్లాట్ ఇస్తే ఆ మనిషి ఎనిమిది నుంచి బయట చెట్టు కింద కూర్చుంటాడు, మీ లెక్కలో ఎదురుచూపు తగ్గినట్టు కనపడుతుంది, ఆయనకి ఏమీ తగ్గదు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి పొద్దున స్లాట్లు ఉంచి, టౌన్‌లో ఉండేవాళ్లకి మధ్యాహ్నం, సాయంత్రం ఇవ్వాలి. తిరుగు బస్సు ఎప్పుడో కూడా రిజిస్ట్రేషన్‌లో అడిగి రాసుకోవాలి. ఏ ఫ్యాక్టరీ పద్ధతిలోనూ ఈ గడి ఉండదు, ఇక్కడ మనమే పెట్టుకోవాలి.

మా స్పిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అందరూ టయోటా పద్ధతి కార్ల పద్ధతి అంటారు, దాని వేరు మగ్గంలో ఉంది. సకిచి టయోడా మగ్గాలు చేసేవాడు. దారం తెగితే దానంతట అదే ఆగిపోయే మగ్గం ఆయనది, 1924 నాటి జీ టైప్ మగ్గం చాలా పేరుపొందింది. తెగిన దారంతో గజాల కొద్దీ పాడు గుడ్డ నేసే కన్నా ఆగిపోవడమే మేలు అన్నది ఆయన ఆలోచన. ఆ కుటుంబమే తర్వాత కార్లలోకి వెళ్లింది, మగ్గం ఆగడం కార్ల లైన్లో లోపం కనపడితే పని ఆపడానికి కార్మికుడు లాగే తాడు అయింది. సరుకు తగ్గినప్పుడే నింపే కాన్బాన్ ఆలోచనకి టయోటా ఇంజనీరు టైచి ఓనో అమెరికా సూపర్‌మార్కెట్ల అరలని ఉదాహరణగా చెప్పేవాడు. అంటే ఈ పద్ధతులు ఎప్పుడూ ఒకే పరిశ్రమవి కావు, కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సంకోచపడక్కర్లేదు.

కానీ మన దగ్గరికి వచ్చేసరికి ఆ తాడు మాయమై ఫారాలు మిగులుతాయి. లైన్ ఆపినవాణ్ణి సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడంటే ఇంక ఎవరూ ఆపరు, పాడు సరుకు చివరిదాకా వెళ్తుంది. మేడమ్ చెప్పిన నర్సు హక్కు కూడా ఇదే. మీ అన్నయ్యని ముందే అడగండి, ఆయాగారు "సార్, మీరు చేతులు కడుక్కోలేదు" అంటే ఆయన ఏమంటాడో. థాంక్స్ అనగలిగితేనే మొదలుపెట్టండి.

దానికన్నా ముందు ఇంకోటి, ఇది నేను గట్టిగా చెప్తున్నాను. టైమ్ మిగిలితే ఎవరి ఉద్యోగమూ పోదని యజమాని నోటితో అందరి ముందూ చెప్పించండి. మా ప్రాంతంలో ఒక మిల్లులో కన్సల్టెంట్లు వచ్చి పనివాళ్ల చేతే ఆలోచనలు చెప్పించి, నాలుగు నెలలు తిరక్కుండా షిఫ్ట్‌కి ఇద్దరిని తీసేశారు. ఆ తర్వాత అక్కడ ఎవరూ నోరు విప్పలేదు. పని తెలిసిన మనిషి నోరు మూసుకుంటే ఎంత పెద్ద పద్ధతైనా పనికిరాదు. సిస్టర్లు బోల్టుల మాట అనడం వెనక ఈ భయం ఉందేమో కూడా చూడండి.

---

ఫార్మా_పాశమైలారం:

పై ముగ్గురూ పనిచేసినవి చెప్పారు, పనిచెయ్యనిది నేను చెప్తాను. సిక్స్ సిగ్మా (లోపాలని లెక్కగట్టి తగ్గించే నాణ్యత పద్ధతి) జోలికి వెళ్లకండి. అది 1986 ప్రాంతంలో మోటరోలాలో పుట్టింది, లక్షల సంఖ్యలో ఒకేలాంటి భాగాలు చేసే చోట. పది లక్షలకి 3.4 లోపాలు అనే లక్ష్యం అక్కడ అర్థవంతం. నెలకి రెండు మూడు వందల డిశ్చార్జీలుండే ఆసుపత్రిలో ఆ లెక్క ఏ నెలా ఏమీ చెప్పదు, దాని ట్రైనింగ్‌లో ఇచ్చే బెల్ట్ సర్టిఫికెట్ల ఖర్చు తప్ప. మీ దగ్గర ఒక్క తప్పు జరిగినా ఆ ఒక్కదాని వెనకే పడి చూడాలి, సగటులు కాదు.

త్రీఎం కంపెనీ సంగతి కూడా తెలుసుకోండి. జీఈ నుంచి వచ్చిన జేమ్స్ మెక్‌నెర్నీ అక్కడ సిక్స్ సిగ్మాని కంపెనీ అంతటా పెట్టాడు, రీసెర్చ్ ల్యాబ్‌లతో సహా. ఆయన వెళ్లాక వచ్చిన జార్జ్ బక్లీ ల్యాబ్‌లకి దాన్ని చాలావరకు సడలించాల్సి వచ్చింది, కొత్త ఆవిష్కరణ టైమ్‌టేబుల్‌కి పుట్టదు కాబట్టి. మా దగ్గర కూడా మాత్రల లైన్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది ఆర్ అండ్ డీలో మనుషుల్ని వారం వారం రిపోర్టులు రాసే గుమాస్తాలుగా మార్చింది. ఆసుపత్రిలో కూడా ఇలాంటి చోటు ఉంది, అంతుబట్టని జ్వరంతో వచ్చిన పేషెంటు గురించి డాక్టరు ఆలోచించే టైమ్. దానికి టాక్ట్ టైమ్ (ఒక్కోదానికి ఇంతేనని లెక్కగట్టి పెట్టే సమయం) పెట్టారంటే ప్రమాదం.

మీకు బాగా పనికొచ్చేది మీ చేతిలోనే ఉంది, డై చేంజ్. షిగియో షింగో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ సెటప్‌ని నాలుగు గంటల నుంచి గంటన్నరకి, అక్కడినుంచి మూడు నిమిషాలకి తెచ్చిన కథ మీకు నాకన్నా బాగా తెలుసు. మెషిన్ ఆగినప్పుడే చెయ్యాల్సిన పని ఏది, నడుస్తుండగానే చేసుకోగలిగింది ఏది అని విడదియ్యడమే కదా. థియేటర్‌లో ఒక ఆపరేషన్ అయ్యాక ఇంకోటి మొదలయ్యేలోపు జరిగేవన్నీ అలా విడదీసి చూడండి. మధురై అరవింద్ కంటి ఆసుపత్రిలో ఎన్నో ఏళ్లుగా సర్జన్‌కి రెండు టేబుళ్లు ఉంటాయి, ఒకదానిపై ఆపరేషన్ జరుగుతుంటే పక్కదానిపై తర్వాతి పేషెంటుని సిద్ధం చేస్తారు. డాక్టర్ వెంకటస్వామి 1976లో రిటైరయ్యాక పదకొండు పడకలతో మొదలుపెట్టిన చోటు అది, మెక్‌డొనాల్డ్స్ అంతటా ఒకే నాణ్యత ఎలా ఇస్తోందో చూసి స్ఫూర్తి పొందానని ఆయనే చెప్పేవారు. శుక్లాల ఆపరేషన్ ఒకేలా ఉంటుంది కాబట్టి అది అక్కడ కుదిరింది, రోడ్డు ప్రమాదాల థియేటర్‌లో అంత కుదరదు. శుభ్రపరిచే టైమ్ మాత్రం తగ్గించొద్దు. మా లైన్ క్లియరెన్స్ (ఒక బ్యాచ్ అయ్యాక లైన్ శుభ్రం చేసి తనిఖీ చెయ్యడం) లాంటిదే అది, ఎంతసేపు పట్టాలో అంతసేపు పట్టాల్సిందే.

---

ప్రెస్‌షాప్_నెల్లూరు:

అందరికీ చాలా థాంక్స్. ఉద్యోగాల మాట అన్నయ్యతో మాట్లాడాను, వచ్చే మీటింగ్‌లో తనే చెప్తానన్నాడు. బస్సు టైమ్ అడగడం రిజిస్ట్రేషన్ వాళ్లకి కూడా నచ్చింది. ఒక్క ప్రశ్న మిగిలింది మేడమ్. ఓపీతో మొదలుపెట్టాలా, డిశ్చార్జ్‌తోనా? రెండూ ఒకేసారి చేసే మనుషులు లేరు.

---

వార్డ్‌క్వాలిటీ_హైదరాబాద్:

డిశ్చార్జ్‌తోనే, అదీ ఒక్క వార్డులో. ఓపీలో బయట జనం తీరు మీద చాలా ఆధారపడాలి, డిశ్చార్జ్ ఆలస్యం మాత్రం దాదాపు అంతా మనం చేసుకున్నదే. పడక త్వరగా ఖాళీ అయితే క్యాజువాలిటీలో స్ట్రెచర్ కూడా ఖాళీ అవుతుంది, ఆ మార్పు సిబ్బందికే కంటికి కనపడుతుంది.

ప్రతి కేస్ షీట్‌కి ముందు ఒక కాగితం పెట్టండి. డాక్టరు వెళ్లొచ్చన్న టైమ్, సమ్మరీ టైప్ అయిన టైమ్, వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లిన టైమ్, ఫైనల్ బిల్లు, ఇన్సూరెన్స్ ఉంటే టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) అప్రూవల్, పడక ఖాళీ అయిన టైమ్. పేర్లు రాయొద్దు, టైమ్ మాత్రమే. రెండు వారాలకే ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది, చాలాచోట్ల నేను చూసింది ఏంటంటే డాక్టరు రౌండ్ మొత్తం పూర్తయ్యాక పన్నెండు కేస్ షీట్లూ ఒకేసారి టైపిస్ట్ టేబుల్ మీద పడతాయి, అక్కడినుంచి పన్నెండూ ఒకేసారి బిల్లింగ్‌కి వెళ్తాయి. ప్లాంట్‌లో మీరు బ్యాచ్ అంటారు కదా, అదే. రేపు వెళ్లేవాళ్లు ఎవరో డ్యూటీ డాక్టరుకి ముందురోజు సాయంత్రం రౌండ్స్‌లోనే చాలావరకు తెలుస్తుంది. సమ్మరీ రాత్రే టైప్ చేయించి, మందులు రాత్రే తిప్పి పంపించి, పొద్దున చివరి ల్యాబ్ విలువ, సంతకం మాత్రం మిగిలేలా చెయ్యండి. డాక్టర్లని రౌండ్స్‌లో ఇంటికి వెళ్లేవాళ్లని ముందు చూడమనండి, ఒక్కో కేస్ షీట్ అయిన వెంటనే కిందికి పంపమనండి.

టీపీఏ అప్రూవల్ మన చేతిలో ఉండదు, దాని మీద మొదట్లో శక్తి పెట్టొద్దు. ల్యాబ్ శాంపిళ్లు ట్రే నిండేదాకా ఆపుతున్నారేమో మాత్రం ఒకసారి చూడండి, మీ రిపోర్టు మధ్యాహ్నం రెండింటికి రావడం వెనక అదే ఉండొచ్చు. ఆ సీనియర్ సిస్టర్‌గారిని అడిగి ఆవిడ వార్డులోనే మొదలుపెట్టండి, ఆవిడ ఒప్పుకుంటేనే.